నాటేది ఎవరు? పొలం ఎవరిది?

(మధురవాడలో పాస్టర్లు, సంఘ పెద్దలు, కార్యకర్తలు కలిసి కూర్చున్న సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

  

నన్ను మాట్లాడమన్న విషయం ప్రపంచ మిషన్లు, పాస్టర్ల శిక్షణ, సంఘ స్థాపన. సంఘ స్థాపనని ఇప్పుడు అందరూ 'చర్చ్ ప్లాంటింగ్' అంటున్నారు. అంటే చర్చిని నాటడం. నాట్లు మనకి కొత్తా? మన అమ్మలు, అమ్మమ్మలు మోకాలి లోతు బురదలో నడుం వంచి ఎన్ని వందల ఎకరాలు నాటి ఉంటారు? అందులో ఒక్క సెంటు మనది అయిందా? నాటింది మనం, గాదె నిండింది ఇంకొకడిది. అందుకని ఎవరైనా వచ్చి 'మీ పేటలో సంఘం నాటుదాం' అంటే మనం అడగవలసిన మొదటి మాట ఒకటే. పొలం ఎవరిది? నేను ఈ రోజు చెప్పబోయేదంతా ఈ ఒక్క మాటే.

నేను భక్తి మీద దండెత్తడానికి రాలేదు. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మా తాతకి అక్షరం దిద్దించింది మిషను రాత్రిబడి. ఊరి బడి గుమ్మం ఎక్కనివ్వని రోజుల్లో ఆ లాంతరు వెలుగులోనే మా ఇంట్లో మొదటిసారి పుస్తకం తెరిచారు. ఆ మేలు మర్చిపోయేవాణ్ణి కాదు. మేలు గుర్తుపెట్టుకున్నవాడికే లెక్క అడిగే హక్కు కూడా ఉంటుంది.

మన తీరానికి మిషన్లు కొత్త కాదు

ఇక్కడి నుంచి భీమిలి రోడ్డులో కాస్త ముందుకి వెళితే తొట్లకొండ. పక్కనే బావికొండ. నేవీ వాళ్ళు 1976లో సర్వే చేస్తుంటే తొట్లకొండ మీది బౌద్ధారామం బయటపడింది. రెండువేల ఏళ్ళ కిందట అక్కడ భిక్షువులు ఉన్నారు, చదువుకున్నారు, వానాకాలం గడిపారు. వాళ్ళ నీటి తొట్లు ఇప్పటికీ రాతిలో ఉన్నాయి. రోమన్ నాణేలు కూడా దొరికాయి. సముద్రం మీద రాకపోకలున్న ఆరామం అది. ధర్మం పట్టుకుని దేశాలు దాటడం, అందుకు మనుషుల్ని తయారుచేయడం ఈ కొండలు ఎప్పుడో చూశాయి.

తర్వాత 1805లో లండన్ మిషను వాళ్ళు జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకుని సువార్తల్ని తెలుగు చేసే పని మొదలుపెట్టారు. తరంగంబాడిలో బాప్తిస్మం పొంది వచ్చిన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు వాళ్ళకి తోడయ్యాడు. అయిదేళ్ళు గడిచేసరికి ఆ ఇద్దరు దొరలూ చనిపోయారు. 1836లో అమెరికా బాప్టిస్టు శామ్యూల్ డే కూడా తెలుగునాట మొదట వచ్చింది విశాఖకే. తర్వాత నెల్లూరు వెళ్ళాడు. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడలో పని మొదలుపెట్టి భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం దాకా వచ్చారు. ఈ పేర్లు సండే స్కూల్లో మన పిల్లలకి నేర్పుతారు. మంచిదే. నేర్పని పేర్లు కొన్ని ఉన్నాయి. అవి నేను చెప్తాను.

చెట్టు మొలిచింది ఎవరి చేతి మీద?

నెల్లూరు మిషను ముప్పై ఏళ్ళు పాటుపడినా చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత. అమెరికాలో దాన్ని మూసేద్దామని ఒకటికి రెండుసార్లు చర్చ పెట్టారు. అది పెద్ద చెట్టయింది ఒంగోలు ప్రాంతంలో. అయింది ఎవరివల్ల? కనిగిరి వైపు యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఉండేవాడు. తోళ్ళ వ్యాపారం, యోగ మార్గంలో గురుత్వం ఉన్న మనిషి. 1866లో భార్యతో సహా బాప్తిస్మం తీసుకుని, కాలినడకన తన చుట్టపక్కాల పల్లెలన్నీ తిరిగాడు. దొర గుర్రమెక్కి వెళ్ళేసరికి పల్లెల్లో మనుషులు ముందే సిద్ధంగా ఉన్నారు. అంటే సంఘం నాటింది పేరయ్య. దొర వచ్చి చూశాడు.

ఆ దొర జాన్ క్లౌ. ఆయన మంచి మనిషే. మాదిగల్ని చేర్చుకోవద్దు, చేర్చుకుంటే మేం రామని పై కులాల వాళ్ళు చెప్పినా ఆయన వినలేదు. చేరే వాళ్ళకి మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు. వినడానికి ఇవి భక్తి మాటలు. కానీ పల్లెలో ఏమైంది? ఆదివారం పని మానడం అంటే కామందు మాట కాదనడం. విగ్రహానికి మొక్కకపోవడం అంటే జాతరలో డప్పు కొట్టకపోవడం. చచ్చిన గొడ్డు ముట్టకపోవడం అంటే ఊరు వేసిన వంతుని తిప్పికొట్టడం. అందుకే దెబ్బలు తిన్నారు, బావులు మూయించుకున్నారు, కూలి పోగొట్టుకున్నారు. ఆ దెబ్బలు తిన్నది అమెరికా వాళ్ళు కాదు.

1876 నుంచి 1878 దాకా కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలవలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, మన ప్రీచర్లనే మేస్త్రీలుగా పెట్టి కూలి ఇప్పించాడు. ఆ కరువు పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. పని అయిపోయాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె ప్రపంచమంతా తిరిగింది. ఇచ్చింది క్లౌ అనుకుంటారు. కాదు. ఆయన ఒడ్డున ఉన్నాడు. నీళ్ళలో నిలబడి, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఆ ఆరుగురి పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? అంకె మిగిలింది, పేర్లు పోయాయి. నాట్లలోనూ ఇంతే కదా! బస్తాల లెక్క ఉంటుంది, కూలీల పేర్లుండవు.

'బియ్యం క్రైస్తవులు', 'డాలర్ల మతం' అని మన మీద నోరు చేసుకునేవాళ్ళకి కూడా ఇదే జవాబు. మన తాతలు గింజకి అమ్ముడుపోలేదు. మనిషిగా బతకడానికి దారి వెతుక్కుని దెబ్బలకి సిద్ధపడి వెళ్ళారు. డబ్బుకి వెళ్ళారనేవాళ్ళు, ముందు తమ గుళ్ళ గుమ్మాలు ఎన్ని వందల ఏళ్ళు మూసి ఉంచారో లెక్క చెప్పాలి.

శిక్షణ అంటే అప్పుడేమిటి?

పల్లెలు ఇలా కదులుతుంటే చదివి చెప్పేవాడు కావలసి వచ్చాడు. 1872లో రామాయపట్నంలో, 1882లో సామర్లకోటలో బోధకుల బడులు పెట్టారు. అక్కడికి మన మనుషులు భార్యాపిల్లలతో వెళ్ళి ఏళ్ళ తరబడి ఉండి చదువుకున్నారు. తిరిగొచ్చినవాడు ఒక్క బోధకుడే కాదు. పగలు పిల్లలకి పంతులు, రాత్రి పెద్దలకి చదువు చెప్పేవాడు, అర్జీ రాసేవాడు, ప్రామిసరీ నోటులో షావుకారు ఏం రాశాడో చదివి చెప్పేవాడు. దోర్నకల్‌లో బిషప్ అజరయ్య బోధకుల భార్యలకి కూడా చదువు చెప్పించే ఏర్పాటు చేశాడు. అందుకే మన పేటల్లో మొదటి చదువరుల్లో ఆడవాళ్ళు కూడా ఉన్నారు. పాస్టరమ్మ అన్న మాటకి గౌరవం అక్కడి నుంచి వచ్చింది.

అందులో లోటు లేదా? ఉంది. భూమి మిషను పేర, జీతం విదేశం నుంచి, తీర్మానం దొరది. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషన్ల మహాసభ జరిగింది. 1,200 మందికి పైగా ప్రతినిధులు వస్తే అందులో ఆసియా వాళ్ళు ఇరవై మందికి లోపే. ఆ సభలోనే అజరయ్య నిలబడి, మీరు డబ్బిస్తారు, త్యాగం చేస్తారు, కానీ మాతో సమానంగా కూర్చుని స్నేహం చేయరు అన్న అర్థం వచ్చేలా ముఖం మీద చెప్పాడు. రెండేళ్ళకి ఆయనే ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. నూరేళ్ళు దాటిపోయింది. ఆ మాటకి జవాబు ఇంకా రాలేదు.

మన కదలిక వాళ్ళ సిద్ధాంతం అయింది

ఇది కొంచెం జాగ్రత్తగా వినండి. మాల, మాదిగ పల్లెలు గుంపులు గుంపులుగా చేరడం చూసి పికెట్ అనే మిషనరీ 1933లో పెద్ద అధ్యయనం అచ్చువేశాడు. ఆ దారిలోనే మెక్‌గావ్రన్ అనే ఇంకొకాయన, మధ్య భారతంలోని దమోహ్‌లో పుట్టినవాడు, 1955 నుంచి ఒక సిద్ధాంతం తయారుచేశాడు. మనుషులు తమ కులం, తమ జాతి గీత దాటకుండానే సంఘంలో చేరడానికి ఇష్టపడతారు, కాబట్టి ఏ సముదాయానికి ఆ సముదాయంలోనే సంఘం పెడితే త్వరగా పెరుగుతుంది అని. తర్వాత ఆయన అమెరికాలో కాలేజీలో కూర్చుని ప్రపంచమంతటికీ ఇదే పాఠం చెప్పాడు. ఇది కులాన్ని దాటమనే సువార్తకి విరుద్ధం కాదా అని 1977లో వాళ్ళలో వాళ్ళే సభ పెట్టి వాదించుకున్నారు. 1989 నుంచి '10/40 కిటికీ' అని పటంలో గీత గీసి, 2000 సంవత్సరం లోపల ప్రతి సముదాయానికి ఒక సంఘం అన్నారు. 1995లో మొదలైన జాషువా ప్రాజెక్టు జాబితాలో మాల, మాదిగ, రెల్లి అని మన కులాలన్నీ వరుసగా ఉన్నాయి.

మన తాతలు కులం నుంచి బయటపడడానికి నడిచిన దారిని చూసి, కులం లోపలే ఉంచే పద్ధతి కనిపెట్టారు. తిరిగి అదే పద్ధతి శిక్షణ పేరుతో మన దగ్గరికి వచ్చింది. కోస్తాలో మాలల చర్చి, మాదిగల చర్చి అన్న గీత ముందే ఉంది. దానికి ఇప్పుడు పుస్తకం బలం దొరికింది.

మధురవాడనే చూడండి. ఊరు సిటీలో కలిసిపోయింది. రుషికొండ వైపు ఐటీ కంపెనీలు, పోతినమల్లయ్యపాలెంలో క్రికెట్ స్టేడియం. ఊళ్ళో మురికివాడలు ఖాళీ చేయించి పేదల్ని తెచ్చి జెఎన్‌ఎన్‌యుఆర్‌ఎం ఇళ్ళల్లో పడేసింది ఈ పక్కనే. ఇక్కడ ఒక్క కాలనీలో నడుస్తూ బోర్డులు లెక్కపెట్టండి. రెల్లి వాళ్ళకి ఒక మందిరం, మాల వాళ్ళకి ఒకటి, మత్స్యకారులకి ఇంకొకటి. ఒక్కో బోర్డు వెనక ఒక్కో నెట్‌వర్కు. కాలనీకి నీళ్ళు రాకపోతే జోన్ ఆఫీసుకి ఈ మందిరాలన్నీ కలిసి ఎప్పుడైనా వెళ్ళాయా? ఆదివారం ఆరు మైకులు మోగుతాయి. సోమవారం అర్జీ మీద ఆరు సంతకాలు పడవు. ఇది ఎవరికి లాభం?

శిక్షణ అంటే ఇప్పుడేమిటి?

నా దగ్గర చదువుకున్న కుర్రాడు ఒకడున్నాడు. తెలివైనవాడు. ఇంటర్ పాసయ్యాక డిగ్రీకి డబ్బుల్లేక ఒక నెట్‌వర్కు శిక్షణకి వెళ్ళాడు. మూడు నెలల కోర్సు, చివర్లో పెద్ద సర్టిఫికెట్టు, ఒక సైకిలు, ఒక మైకు సెట్టు. నెలకి కొన్ని వేలు సపోర్టు. దానికి బదులు రెండేళ్ళలో ఇన్ని సంఘాలు నాటాలని అంకె. ప్రతి నెలా ఫోటోలు పంపాలి, బాప్తిస్మాల లెక్క పంపాలి. తాటాకు పాక ముందు పదిమందిని నిలబెట్టి ఫోటో తీస్తే అదొక సంఘం. ఎక్కడో ఒక దేశంలో ఆ ఫోటో చూసి ఒక ముసలమ్మ తన పింఛనులోంచి పది డాలర్లు ఇస్తుంది. ఆమె మంచిదే, మన కుర్రాడూ మంచివాడే. మధ్యలో ఉన్నవాళ్ళ లెక్క ఇద్దరికీ తెలియదు. మూడో ఏడు సపోర్టు ఆగిపోయింది. కుర్రాడికి పెళ్ళయింది, చంటిపిల్ల ఉంది. డిగ్రీ లేదు. చేతిలో సర్టిఫికెట్టుని ఏ ఆఫీసూ గుర్తించదు. ఇప్పుడు పగలు ఆటో తోలి, సాయంత్రం ప్రార్థన పెడుతున్నాడు. ఇలాంటివాళ్ళు ఈ సభలో కూడా ఉన్నారు. వాళ్ళు సిగ్గుపడక్కర్లేదు. వాళ్ళని అలా వదిలేసినవాళ్ళు పడాలి.

సపోర్టు ఎందుకు ఆగుతుందో కూడా మీకు ఎవరూ చెప్పరు. విదేశీ విరాళాల చట్టం 2010లో కొత్తగా వచ్చింది, 2020లో ఇంకా బిగించారు. విదేశం నుంచి డబ్బు ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో పెట్టిన ఖాతాలో పడాలి. ఆ డబ్బు తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. ఆఫీసు ఖర్చులకి అంతకుముందు నూటికి 50 దాకా వాడుకోనిచ్చేవారు, దాన్ని 20కి తగ్గించారు. పెద్ద సంస్థ నుంచి చిన్న సంస్థకి, చిన్న సంస్థ నుంచి పల్లె పాస్టరుకి వచ్చే దారి అక్కడ తెగింది. లక్షకి పైగా పిల్లలకి మన దేశంలో సాయం చేసిన కంపాషన్ సంస్థే 2017లో ఇక్కడ పని మూసుకుని వెళ్ళింది. చట్టం పెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదని నేను అనను. కానీ గాలి అటునుంచి వీస్తేనే నిలబడే చెట్టు చెట్టు కాదు. వేరు మన మట్టిలో ఉండాలి.

సర్టిఫికెట్టు సంగతి

అన్నిటికన్నా ప్రమాదమైన విషయం ఇది. శిక్షణలో ఆదికాండం నుంచి ప్రకటన దాకా చెప్తారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు గురించి ఒక్క గంట చెప్పరు. హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడని ఆ ఉత్తర్వు మూడో పేరా చెప్పింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని చేర్చలేదు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసైకి, పక్కవాడికి ఇచ్చిన బడ్డీ ఇవ్వలేదు. అదే పేవ్‌మెంటు, అదే పని, అదే కులం. క్రైస్తవుడని ఇవ్వలేదు. సుప్రీంకోర్టు దాకా వెళితే 1985లో కాదని తీర్పు వచ్చింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఆ మూడో పేరా తీసేయమంది. 2022లో మళ్ళీ ఇంకో కమిషను వేశారు. 2023లో మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసింది. 2025లో మన హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న ఒకాయన పెట్టిన అట్రాసిటీ కేసులో, మతం మారినవాడికి ఆ చట్టం వర్తించదని చెప్పింది. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళకి మన రాష్ట్రంలో మిగిలింది బీసీ-సి, ఒక్క శాతం.

అంటే కొట్టేవాడు మన మతం అడిగి కొట్టడు. కులం చూసి కొడతాడు. కేసు పెట్టేటప్పుడు మాత్రం మతం అడుగుతారు. ఈ అన్యాయాన్ని ఎదిరించాలి, అది ఒక పోరాటం. కానీ పాస్టరు అని బోర్డు మీద పేరు రాసే ముందు, ఆ కుర్రాడికి, వాడి పెళ్ళాం పిల్లలకి దీనివల్ల ఏం వస్తుందో ఏం పోతుందో చెప్పకపోవడం ఇంకో అన్యాయం. అది మన ఇంట్లో జరిగే అన్యాయం. తెలిసి నిర్ణయం తీసుకుంటే అది విశ్వాసం. తెలియకుండా తీయిస్తే అది మోసం.

మనం అడగవలసినవి

'చర్చిలోకి రాజకీయాలు తేకండి మాస్టారూ' అంటారు కొందరు. 1985లో కారంచేడు నుంచి మన వాళ్ళు రక్తాలతో చీరాల పరిగెత్తినప్పుడు తలదాచుకున్నది చర్చి ఆవరణలో. ఆ రోజు ఆ ఆవరణ రాజకీయమా, సువార్తా? మందిరం మన ఆపదలో మనకి నీడ. అందుకే దాని తాళం మన చేతిలో ఉండాలి.

ఏ నెట్‌వర్కు వచ్చినా, దేశీయమైనా విదేశీయమైనా, తెల్లవాడైనా మన తెలుగువాడైనా, పేట అంతా కూర్చోబెట్టి అయిదు ప్రశ్నలు అడగండి.

ఒకటి. మందిరం స్థలం ఎవరి పేర రాస్తారు? హెడ్డాఫీసు పేరా, పాస్టరు సొంత పేరా, సంఘం పేరా? 2001 సొసైటీల చట్టం కింద పేటవాళ్ళే సంఘం రిజిస్టరు చేసుకుని ఆ పేర రాయించుకోవచ్చు.

రెండు. లెక్కలు ఎవరికి చూపిస్తారు? ఫోటో విదేశానికి వెళితే, లెక్క పేటకి రావాలి. కానుకల పెట్టె తెరిచేటప్పుడు ఆడవాళ్ళు ఇద్దరైనా ఉండాలి. వేసేది ఎక్కువ వాళ్ళే కాబట్టి.

మూడు. శిక్షణ ఎన్నాళ్ళు, అందులో ఏమేం చెప్తారు? డిగ్రీ చదువుతూ చేయడానికి వీలుందా? 1964 నుంచి మన రాష్ట్రాల సంఘాలు కలిసి నడిపిన ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ లాంటి చోట గుర్తింపు ఉన్న చదువు దొరుకుతుంది. మూడు నెలల కోర్సే అయితే అందులో అట్రాసిటీ చట్టం, కుల ధ్రువీకరణ, అర్జీ రాయడం, లెక్కలు రాయడం ఉండాలి. అంబేడ్కర్ ఉండాలి.

నాలుగు. సపోర్టు ఆగితే పాస్టరు కుటుంబం సంగతి ఏమిటి? కాగితం మీద రాసివ్వమనండి.

అయిదు. పక్క కులం పేటవాళ్ళు ఈ మందిరంలో మన పక్కన కూర్చుంటారా? మన పిల్లకి వాళ్ళ పిల్లాణ్ణి ఇస్తారా? ఈ ప్రశ్న నెట్‌వర్కుకే కాదు, మనకి మనమే వేసుకోవాలి. మాల, మాదిగ, రెల్లి ఒక బల్ల దగ్గర రొట్టె విరిచి తినలేని చోట ఎన్ని వందల సంఘాలు నాటినా అవి కులానికి కొత్త పాకలు మాత్రమే.

పాస్టర్ అయ్యగార్లకి ఒక మాట. మీరు మా శత్రువులు కారు, మా బిడ్డలే. ఈ ప్రాంతంలో ఉన్న అన్ని మందిరాల పాస్టర్లూ నెలకొకసారి కలవండి. ఏ నెట్‌వర్కు వాళ్ళయినా సరే. మొదటి నెల ఒక్క పని పెట్టుకోండి. ఒక్కో మందిరం స్థలం కాగితాలు ఎవరి పేర ఉన్నాయో రాసుకుని రండి. రెండో నెల, బడి మానేసిన పిల్లల పేర్లు రాసుకుని రండి. వాళ్ళని బడిలో చేర్చే పని మా ఉపాధ్యాయులది. మూడో నెల, శ్మశానం స్థలం కోసం కలిసి అర్జీ రాద్దాం. చచ్చినవాణ్ణి ఎక్కడ పెట్టాలో తెలియక శవాన్ని పట్టుకుని తిరిగే బాధ అన్ని మందిరాలదీ ఒకటే కదా!

పేరయ్యకి నెట్‌వర్కు లేదు, మైకు లేదు, ఫోటో పంపవలసిన పని లేదు. ఆయనకి పల్లెలు తెలుసు, పల్లెలకి ఆయన తెలుసు. అలాంటివాళ్ళని తయారుచేసేదే శిక్షణ. నాటుదాం, తప్పకుండా నాటుదాం. ఈసారి పొలం పట్టా చేతిలో పెట్టుకుని నాటుదాం.

జై భీమ్.